పెళ్లికి మూడు నెలలే ఉంది, లేజర్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 26 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మూడు నెలల్లో పెళ్లి. జననాంగాల చుట్టూ ఉండే వెంట్రుకలను రెండేళ్లుగా రేజర్‌తో తీస్తున్నాను. తీసిన రెండు మూడు రోజులకే ఎర్రటి పొక్కులు, భరించలేని దురద వస్తున్నాయి. గజ్జల్లో చర్మం నల్లబడింది. ఒకసారి క్రీమ్ రాస్తే మంట పుట్టి వారం రోజులు సరిగా నడవలేకపోయాను. లేజర్ చేయించుకుంటే జన్మలో మళ్లీ వెంట్రుకలు రావని, దగ్గర్లోని పార్లర్‌లో పెళ్లికూతుళ్ల కోసం ప్యాకేజీ ఉందని స్నేహితురాలు చెబుతోంది. లేజర్ వల్ల పిల్లలు పుట్టరని వదిన భయపెడుతోంది. అమ్మను అడగలేను. నాకు ఏది మంచిదో చెప్పగలరా?

సమాధానం: అమ్మతో కూడా చెప్పుకోలేని విషయాన్ని ఇంత వివరంగా రాసి అడిగారు, మంచి పని చేశారమ్మా. చర్మవైద్యురాలిగా నా దగ్గరికి ఇదే ఇబ్బందితో వచ్చే ఆడపిల్లల్లో చాలామంది పొక్కులు చీముపట్టి, కుర్చీలో కూర్చోలేని పరిస్థితి వచ్చేదాకా ఎవరికీ చెప్పరు. మీ ప్రశ్నకు సూటి జవాబు ముందే చెబుతాను. రేజర్‌ను ఈ రోజే పక్కన పెట్టండి. పెళ్లిలోగా ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించుకుంటే సరిపోతుంది. లేజర్ కావాలనే అనిపిస్తే పెళ్లి హడావిడి అంతా అయ్యాక, చర్మవైద్యుల దగ్గర, నిదానంగా మొదలుపెట్టండి. ఎందుకిలా అంటున్నానో వివరిస్తాను.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ఆ వెంట్రుకలు ఉండటం అపరిశుభ్రత కాదు. నడిచేటప్పుడు, కలయిక సమయంలో చర్మం చర్మానికి ఒరుసుకోకుండా అవి మెత్తగా అడ్డుపడతాయి. రోజూ స్నానంలో నీళ్లతో కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుంటే ఆ శుభ్రత చాలు. వాటిని తీసేయాల్సిన వైద్యపరమైన అవసరం ఏదీ లేదు. తీసేయాలనిపించడం తప్పూ కాదు, నిన్న మొన్న వచ్చిన ఫ్యాషనూ కాదు. 40 రోజులు మించనివ్వకూడదన్న నియమం ముస్లిం కుటుంబాల్లో తరతరాలుగా ఉంది. కాబట్టి ఉంచుకోవడమా, తీసేయడమా అన్నది పూర్తిగా మీ ఇష్టం. పెళ్లి కుదిరింది కాబట్టి తప్పదని స్నేహితులు గానీ, కాబోయే భర్త గానీ నిర్ణయించే విషయం కాదిది.

ఇక మీ పొక్కుల సంగతి. ఆ భాగంలో వెంట్రుక ముతకగా, ఉంగరం తిరిగి ఉంటుంది. చర్మాన్ని గట్టిగా లాగిపట్టి, రెండు మూడు బ్లేడ్లున్న రేజర్‌తో గీసినప్పుడు వెంట్రుక కాస్త పైకి లేచి, చర్మం మట్టం కంటే కిందికి తెగుతుంది. వదిలేయగానే ఆ ఏటవాలుగా తెగిన మొన లోపలికి జారుకుంటుంది. రెండు మూడు రోజుల్లో అది పెరగడం మొదలుపెట్టినప్పుడు బయటికి దారి దొరక్క కుదురు (వెంట్రుక మొలిచే సన్నటి గుంత) గోడను పొడుచుకుని పక్కకు వెళుతుంది; లేదా బయటికి వచ్చీ రాగానే వంపు తిరిగి పక్కనున్న చర్మంలోకే గుచ్చుకుంటుంది. శరీరం దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టే భావించి వాపు తెస్తుంది. మంచి వెలుతురులో చూస్తే పొక్కు మధ్యలో నల్లటి చుక్కలాగానో, చర్మం కింద చుట్టుకున్న సన్నటి దారంలాగానో ఆ వెంట్రుకే కనిపిస్తుంది. మీరు రాసిన 'రెండు మూడు రోజులు' అన్న లెక్క దీనికి సరిగ్గా సరిపోతోంది. గజ్జల్లోని నలుపు కూడా చాలావరకు ఈ వాపు మిగిల్చిన మచ్చే. మన రంగు చర్మంలో ఎక్కడ వాపు వచ్చి తగ్గినా అక్కడ కొన్ని నెలలపాటు నలుపు నిలుస్తుంది. కారణాన్ని ఆపితే అది నెమ్మదిగా పలచబడుతుంది. తెల్లబరిచే క్రీములతో దాన్ని తోమితే కొత్త వాపు, దానితో కొత్త నలుపు తప్ప ఒరిగేదేమీ ఉండదు.

రేజర్ వాడితే వెంట్రుకలు ఒత్తుగా వస్తాయన్న భయం మాత్రం అక్కర్లేదు. అది నిజం కాదని 1928లోనే కొలతలు తీసి తేల్చారు. సహజంగా సన్నగా ఉండే కొస తెగిపోయి మొద్దుగా మిగలడం వల్ల చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

మీరు రాయలేదు గానీ, అడగకుండా ఉండలేని ప్రశ్న ఒకటుంది. దురద భరించలేక మెడికల్ షాపులో అడిగి ఏదైనా ట్యూబ్ తెచ్చి రాస్తున్నారా? మన ఊళ్లలో గజ్జల దురద అనగానే స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ చేతిలో పెట్టడం మామూలైపోయింది. రాసిన రెండో రోజుకే హాయిగా ఉంటుంది. కానీ గజ్జల్లో చర్మం పల్చన, అక్కడ మందు ఎక్కువగా ఇంకుతుంది. వారాల తరబడి వాడితే చర్మం ఇంకా పల్చబడి, గర్భిణి పొట్ట మీద చారల్లాంటి గీతలు పడతాయి. అవి జీవితాంతం పోవు. మీది అసలు తామర, అంటే ఫంగస్ వల్ల వచ్చే దురద అయితే స్టెరాయిడ్ కింద అది రూపు మార్చుకుని, మందులకు ఒక పట్టాన లొంగనిదిగా తయారవుతుంది. అందుకే దురద గుండ్రటి అంచుతో పాకుతున్నా, తొడల మీదికి దిగుతున్నా ఏమీ రాయకుండా చర్మవైద్యులకు చూపించండి. తామర ఉన్న చర్మం మీద రేజర్, వ్యాక్స్, క్రీమ్, లేజర్ ఏదీ పనికిరాదు.

ఇప్పుడు తాత్కాలిక పద్ధతులకు వద్దాం. వీటిలో నేను ఎవరికైనా మొదట చెప్పేది కత్తిరించుకోవడం. చర్మానికి తగలకుండా వెంట్రుకను మాత్రమే పొట్టిగా చేయడం వల్ల గాట్లు పడవు, మొన లోపలికి జారదు, పొక్కులు దాదాపు రావు. బ్యాటరీతో నడిచే ట్రిమ్మర్ ఒకటి మీకోసమే విడిగా కొనుక్కుని, దానికి గార్డ్ అని పిలిచే దువ్వెనలాంటి తొడుగు తప్పకుండా తగిలించండి. స్నానానికి ముందు, వెంట్రుకలు పొడిగా ఉన్నప్పుడు, నిలబడి ఒక కాలు పీట మీద పెట్టి, ఎదురుగా అద్దం ఉంచుకుని, పైనుంచి మొదలుపెట్టండి. మడతలున్న చోట రెండో చేత్తో చర్మాన్ని మెల్లగా చదును చేసి పట్టుకోవాలే గానీ గట్టిగా లాగకూడదు. తొడుగు తీసేసి బ్లేడును నేరుగా చర్మానికి ఆనిస్తే లోపలి పెదవుల మెత్తటి అంచు తెగే ప్రమాదం ఉంది. అందుకే లోపలి వైపు అసలు వెళ్లకపోవడం మంచిది. అయ్యాక బ్లేడును బ్రష్‌తో దులిపి, కడగగలిగినదైతే కడిగి, ఆరబెట్టండి. పది పదిహేను రోజులకొకసారి చేసుకుంటే చాలు. నున్నగా ఉండకపోవడం ఒక్కటే దీనిలోని లోటు. ఆ లోటును ఒప్పుకోగలిగిన వాళ్లు మళ్లీ నా దగ్గరికి రావలసిన అవసరం పడటం లేదు.

మరీ రేజర్ కావాలంటే, పొక్కులన్నీ పూర్తిగా మానాక, కనీసం నెల ఆగి, ముందు ట్రిమ్మర్‌తో పొట్టి చేసి, గోరువెచ్చని నీళ్లతో కొన్ని నిమిషాలు నానబెట్టి, వాసన లేని షేవింగ్ జెల్ రాసి, ఒకే బ్లేడున్న కొత్త రేజర్‌తో, వెంట్రుక మొలిచిన దిక్కులోనే, ఒకసారి గీసిన చోట మళ్లీ గీయకుండా తీయండి. తడి బాత్రూమ్‌లో వారాల తరబడి వేలాడిన రేజర్‌ను ముట్టుకోవద్దు, ఇంకొకరిది అసలే వద్దు. 2017లో అమెరికాలో అచ్చయిన ఒక పెద్ద సర్వేలో ఈ భాగంలో వెంట్రుకలు తీసుకునేవారిలో సుమారు నాలుగో వంతు మంది ఎప్పుడో ఒకప్పుడు గాయపడ్డామని చెప్పారు. ఆ గాయాల్లో ఎక్కువ భాగం తెగిన గాట్లే. కంటికి కనిపించని గాటు కూడా సూక్ష్మజీవికి దారే. అందుకే ఆపరేషన్‌కు ముందు వెంట్రుకలను రేజర్‌తో గీయవద్దని, తప్పనిసరైతే క్లిప్పర్‌తో కత్తిరించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో గట్టిగా చెప్పింది. ఆపరేషన్ థియేటర్‌కు పనికిరాని రేజర్ మన బాత్రూమ్‌లో మాత్రం ఎలా క్షేమమవుతుంది?

మీకు మంట పుట్టించిన క్రీమ్ గురించి. ఈ క్రీముల్లో సాధారణంగా ఉండే థయోగ్లైకోలేట్ లవణాలు గాఢమైన క్షారంలో వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రొటీన్ బంధాలను తెంపి, దాన్ని మెత్తటి పేస్టులా మారుస్తాయి. చర్మం పైపొర కూడా కెరటినే. చేతుల మీద, కాళ్ల మీద ఐదారు నిమిషాలు తట్టుకునే పొర గజ్జల్లో అంతగా తట్టుకోదు, లోపలి తడి చర్మం అసలే తట్టుకోదు. 'బికినీ లైన్‌కు' అని డబ్బా మీద రాసినదాన్ని కూడా తొడ మడత వరకే వాడాలన్నది అందుకే. ఒకసారి వారం రోజులు నడవలేని పరిస్థితి తెచ్చిన వస్తువును మీరు మరో కంపెనీ పేరుతో కూడా ప్రయత్నించవద్దు. చవకగా దొరికే పొడులు, సున్నం కలిపిన నాటు మిశ్రమాలు ఇంకా ప్రమాదం. తాళకం, సున్నం కలిపి రాసే పాత అలవాటు కొన్నిచోట్ల ఉండేది. తాళకం అంటే ఆర్సెనిక్ సమ్మేళనం, దాన్ని ఒంటికి తాకనివ్వకూడదు.

వ్యాక్సింగ్ వెంట్రుకను వేరుతో లాగుతుంది కాబట్టి మూడు నాలుగు వారాలు నున్నగా ఉంటుంది. కానీ బాగా నొప్పి. కాలడం, చర్మం ఊడిరావడం, తిరిగి మొలిచేటప్పుడు వెంట్రుక లోపలే ఇరుక్కోవడం దీనిలోనూ ఉన్నాయి. మీలాగా పొక్కుల తత్వం ఉన్నవారికి నేను సలహా ఇవ్వను. షుగర్ అదుపులో లేనివారు, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవారు పూర్తిగా మానుకోవాలి. ఎప్పుడైనా పార్లర్‌కు వెళితే ఒకటి గమనించండి. ఒంటికి తగిలిన పుల్లనే మళ్లీ గిన్నెలో ముంచుతున్నారంటే మీకు ముందు వచ్చినవారి సూక్ష్మజీవులు ఆ గిన్నెలో ఉన్నట్టే. అప్పుడు మొహమాటపడకుండా లేచి వచ్చేయండి.

దీర్ఘకాలిక పద్ధతుల్లో లేజర్ ముఖ్యమైనది. వెంట్రుకలోని మెలనిన్ అనే నల్లని రంగు పదార్థం కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది, ఆ వేడి కుదురులోని మొలిపించే కణాలను దెబ్బతీస్తుంది. 1983లో ఆండర్సన్, ప్యారిష్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు వివరించిన సూత్రం మీద ఇది పనిచేస్తుంది. కానీ అన్ని కుదుళ్లూ ఒకేసారి పెరిగే దశలో ఉండవు. కొన్ని పెరుగుతుంటాయి, కొన్ని నిద్రపోతుంటాయి. లేజర్‌కు చిక్కేవి పెరుగుతున్నవే. అందుకే నాలుగు నుంచి ఎనిమిది వారాల ఎడంతో, ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు పడతాయి. లెక్క వేసి చూడండి, అది ఐదు నెలల నుంచి ఏడాది పైదాకా పట్టే పని. మూడు నెలల్లో మీకు రెండో మూడో సిట్టింగులు అవుతాయి, పెళ్లి నాటికి అక్కడక్కడా మొలిచి అతుకులతుకులుగా ఉంటుంది. పెళ్లికూతుళ్ల ప్యాకేజీ అని చెప్పేవారు ఈ లెక్క చెప్పరు.

'జన్మలో మళ్లీ రావు' అన్న మాట కూడా నిజం కాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లేజర్ల విషయంలో ఒప్పుకున్న పదం శాశ్వత తొలగింపు కాదు, శాశ్వతంగా తగ్గించడం. అంటే సిట్టింగులన్నీ పూర్తయ్యాక మళ్లీ మొలిచే వెంట్రుకల సంఖ్య చాలాకాలంపాటు నిలకడగా తక్కువగా ఉంటుందని అర్థం. మిగిలినవి సన్నబడతాయి. కొందరికి ఏడాదికి ఒకటి రెండు సార్లు మళ్లీ చేయించుకోవాల్సి వస్తుంది. అయినా మీలాంటివారికి లేజర్‌లో ఒక అసలైన మేలు ఉందని చెప్పి తీరాలి: వెంట్రుకలు పలచబడితే లోపలికి గుచ్చుకునేవీ తగ్గుతాయి, పొక్కుల బాధ నిజంగానే తగ్గుతుంది. వదలని పొక్కులకు మేమే దాన్ని చికిత్సగా సూచిస్తాం.

అయితే ఎవరి చేతిలో, ఏ యంత్రంతో అన్నది మన చర్మానికి ప్రాణంలాంటి ప్రశ్న. లేజర్ వెతికేది నలుపును. మన చర్మంలోనూ ఆ నలుపు ఉంది, గజ్జల్లో మరీ ఎక్కువ, మీకు మచ్చల వల్ల ఇంకా ఎక్కువ. తప్పు యంత్రం, తప్పు మోతాదు అయితే వెంట్రుకకు చేరాల్సిన వేడి చర్మం మీదే దిగి, బొబ్బలు లేచి, గళ్లు గళ్లుగా నల్లటి లేదా తెల్లటి మచ్చలు మిగులుతాయి. ముదురు రంగు చర్మానికి 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎన్‌డీ-యాగ్ లేజర్ అన్నిటికంటే క్షేమం; 800 నుంచి 810 నానోమీటర్ల ప్రాంతపు డయోడ్ లేజర్‌ను కూడా అనుభవం ఉన్నవారు జాగ్రత్తగా వాడతారు. చాలా పార్లర్లలో లేజర్ అని పిలిచేది నిజానికి ఐపీఎల్, అంటే రకరకాల తరంగాలు కలగలిసిన మెరుపు కాంతి. ఇంట్లో వాడుకోమని అమ్మే చిన్న యంత్రాలు ఎక్కువగా ఇవే. బాగా ముదురు రంగు చర్మం మీద, జననాంగాల మీద వాడవద్దని వాటి సూచనల కాగితంలోనే సాధారణంగా ఉంటుంది. పార్లర్‌లో కాలి నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయికి ఆ యంత్రం పేరు కూడా ఎవరూ చెప్పలేదు. రెండు తొడల మడతల్లోనూ అగ్గిపెట్టెంత నల్లటి గళ్లు పలచబడటానికి ఏడాది దాటింది. అందుకని డబ్బు కట్టకముందే అడగండి: యంత్రం ఏమిటి, ఎంత తరంగదైర్ఘ్యం, మోతాదు నిర్ణయించేది డాక్టరేనా, కాలితే చూసేదెవరు, ముందుగా చిన్న చోట పరీక్షించి కొన్ని రోజులు ఆగి చూస్తారా? వీటికి జవాబు తడబడితే, మొత్తం డబ్బు ముందే కట్టమంటే, తిరిగి వచ్చేయండి.

సిట్టింగ్ ఎలా ఉంటుందో తెలిస్తే భయం తగ్గుతుంది. దానికి ముందు నాలుగు నుంచి ఆరు వారాలు వ్యాక్సింగ్, పీకడం ఉండకూడదు, ఎందుకంటే కుదురులో వెంట్రుక లేకపోతే కాంతికి పట్టుకునేది ఉండదు. ముందు రోజు మాత్రం పైకి కనిపించే వెంట్రుకను షేవ్ చేసుకోవాలి లేదా వాళ్లు చేస్తారు. కళ్లకు అద్దాలు పెట్టి, కొన్ని యంత్రాలకైతే చల్లటి జెల్ పూసి, చల్లబరుస్తూ ఒక్కో చుక్క కాంతి వదులుతారు. రబ్బరు బ్యాండు చురుక్కున తగిలినట్టుంటుంది, వెంట్రుక కాలిన వాసన వస్తుంది. తర్వాత కుదుళ్ల చుట్టూ చిన్న చిన్న ఉబ్బులు, ఎరుపు కనబడి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. వారం పది రోజుల తర్వాత వెంట్రుకలు పెరుగుతున్నట్టు కనబడి రాలిపోతాయి. ఆడ వైద్యురాలు కావాలనో, ఒక ఆడమనిషి తోడు ఉండాలనో అడిగే హక్కు మీకుంది. నొప్పి తెలియకుండా పూసే మత్తు క్రీమును సొంతంగా దట్టంగా రాసుకుని వెళ్లవద్దు. అమెరికాలో 22, 25 ఏళ్ల ఇద్దరు యువతులు కాళ్లకు లేజర్ చేయించుకోవడానికి ముందు అలాంటి క్రీము దట్టంగా పూసి, పైన ప్లాస్టిక్ చుట్టుకోవడంతో మందు రక్తంలోకి ఎక్కి చనిపోయారు. 2007లో ఎఫ్‌డీఏ దీని మీదే హెచ్చరిక ఇచ్చింది.

వదిన భయం గురించి మీకు ధైర్యం చెప్పగలను. ఈ లేజర్ కాంతి చర్మంలోకి దిగేది కొన్ని మిల్లీమీటర్లే. గర్భసంచి, అండాశయాలు ఉన్నది కటి లోపల, చాలా లోతున. సంతానానికి దీనితో సంబంధం లేదు. గర్భం వచ్చినప్పుడు మాత్రం, కడుపులో బిడ్డకు హాని జరిగినట్టు ఆధారాలు ఉన్నందువల్ల కాదు గానీ, అత్యవసరం కాని పని కాబట్టి ప్రసవం అయ్యేదాకా ఆపేస్తాం. పెళ్లైన వెంటనే పిల్లల్ని కనాలనుకుంటే సిట్టింగులు మధ్యలో ఆగవచ్చని తెలిసి మొదలుపెట్టండి.

ఇంకొకటి. వెంట్రుకలు నాభి వైపు గీతలా పైకి పాకుతున్నా, గడ్డం మీద, రొమ్ముల మధ్య ముతకగా మొలుస్తున్నా, నెలసరి సక్రమంగా రాకపోయినా లేజర్ కంటే ముందు పీసీఓడీ అనే హార్మోన్ల సమస్య ఉందేమో పరీక్షలు చేయించుకోండి. లోపల హార్మోన్ వెంట్రుకలను మొలిపిస్తుంటే బయట కాల్చడం వల్ల డబ్బే ఖర్చవుతుంది.

ఎలక్ట్రాలసిస్ అనే మరో పద్ధతి ఉంది. సన్నటి సూదిని ఒక్కో కుదురులోకి దించి కరెంటుతో దాన్ని చంపేస్తారు. 1875లో చార్లెస్ మిచెల్ అనే అమెరికా కంటివైద్యుడు కంట్లోకి వంగే రెప్ప వెంట్రుకల కోసం దీన్ని వాడాడు. శాశ్వత తొలగింపు అనే మాట దీనికే నిజంగా వర్తిస్తుంది, లేజర్‌కు లొంగని తెల్ల వెంట్రుకకూ పనిచేస్తుంది. కానీ ఒక్కొక్కటిగా తీయాలి కాబట్టి ఇంత పెద్ద భాగానికి ఎన్నో గంటలు, ఎంతో నొప్పి. లేజర్ తర్వాత మిగిలిన కొద్దిపాటి వాటికే ఇది సరిపోతుంది.

మీరు లేజర్ వైపే మొగ్గితే నా సూచన, మొత్తం ఒకేసారి తీయించవద్దు. పొక్కులు ఎక్కువగా వచ్చే తొడ మడతల అంచుల వరకు చేయించి, మిగతాది ట్రిమ్మర్‌తో చూసుకోండి. కత్తిరించింది నెలలో వస్తుంది, లేజర్‌తో పోయింది ముప్పై ఐదో ఏట కావాలన్నా మునుపటిలా రాదు. అంచుల వరకే అయితే సిట్టింగ్ తొందరగా అవుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

ఈ మూడు నెలలకు మీరు చేయవలసింది తక్కువే. మొదటి నెల ఏమీ తీయకండి, గీకకండి, లోపల చిక్కిన వెంట్రుకను పిన్నుతో తవ్వకండి. రోజూ రెండు సార్లు గోరువెచ్చని నీళ్లలో ముంచిన శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు కాపడం పెట్టండి. బిగుతు జీన్స్ మాని వదులైన నూలు బట్టలు వేసుకోండి. చీముపొక్కులు తగ్గకపోయినా, సెగగడ్డలా పెరిగినా, జ్వరం వచ్చినా, మధ్యలో గుంట ఉన్న ముత్యాల్లాంటి బుడిపెలు గానీ పులిపిర్లు గానీ కనిపించినా వాటి మీద బ్లేడు ఆడించకుండా చర్మవైద్యులను కలవండి. గీస్తే అవి చుట్టూ అంటుకుంటాయి. రెండో నెల నుంచి ట్రిమ్మర్ మొదలుపెట్టండి. చివరిసారి పెళ్లికి నాలుగైదు రోజుల ముందే కత్తిరించుకోండి, ముందు రోజు రాత్రి వద్దు. మంగళస్నానం నాడు ఒంటికి పెట్టే పసుపు, నలుగుపిండి ఆ భాగానికి తగలనివ్వకండి. నలుగు రుద్దే పెద్దవాళ్లకు కారణం చెప్పనక్కర్లేదు, ఆ కాస్త చోటు నేనే కడుక్కుంటానంటే చాలు.